నిన్నటి పిండి

ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో, మా వీధి ఇడ్లీలు గట్టిగా వచ్చాయంటే ఎవరో పోయారని లెక్క. చావు కబురు ఫొటోతో సహా ఫోన్లోకి వచ్చిపడే ఈ రోజుల్లో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. మొన్నమొన్నటి దాకా మా ఇళ్ళల్లో జరిగింది ఇదే. వర్క్‌షాపు సైరను మోగకముందే మా ఆయన పీట మీద కూర్చుని, ఇడ్లీ తుంచి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఎవులు పోయినారే?" అని అడిగేవారు. నేను పెరటి గోడ దగ్గరికి వెళ్ళి, పక్కింటావిడని కనుక్కొచ్చి చెప్పేదాన్ని. ఆయన ఆ ఇడ్లీలే తిని, దారిలో ఆ ఇంటి ముందు సైకిలు దిగి, కాసేపు నిలబడి డ్యూటీకి పోయేవారు.

కిందటి వారం గోల్‌బజార్‌లో ఒక కొట్టు ముందు ఆగాను. గాజు తలుపుల ఫ్రిజ్‌లో పిండి ప్యాకెట్లు బుల్లి దిండ్లలా పేర్చి ఉన్నాయి. ఎన్నాళ్ళుంటుందని అడిగాను. "బహుత్ దిన్ చలేగా దీదీ, కుఛ్ నహీ హోగా," అన్నాడు కొట్టువాడు. చాలా రోజులు ఉంటుందట, ఏమీ కాదట. ఏమీ కాని పిండి కూడా ఒక పిండేనా! అప్ప ఉంటే ఆ ప్యాకెట్టుని వేలితో పొడిచి, మొహం అటు తిప్పుకునేది. నేను ఖాళీ సంచీతో ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు, వీధి మొత్తానికీ అప్పే. బెంగాలీ ఇళ్ళవాళ్ళు ఇడ్లీ మాసీ అనేవారు. మా క్వార్టర్ల పెరటి గోడ అవతల సన్నటి మురుగుకాలవ దాటితే రేకుల గదులు వరసగా ఉంటాయి. అందులో చివరిది ఆవిడది. సగం గదిని గ్రైండరే ఆక్రమించింది. మిగతా సగంలో మంచం, మంచం కింద బకెట్లు, బకెట్లలో నానుతున్న పప్పూ బియ్యం. ఆ గదిలోకి వెళ్ళగానే పుల్లటి వాసన మొహానికి కొట్టేది. ఆవిడ చీర కొంగుకీ, చేతి గాజులకీ, చివరికి ఆవిడిచ్చిన చిల్లర నాణేలకీ అదే వాసన.

పిండిని గరిటెతో కలపడం ఆవిడకి గిట్టేది కాదు. గాజులు పైకి తోసుకుని, మణికట్టు దాకా చెయ్యి ముంచి, అడుగునుంచి పైకి తిప్పేది. తిప్పుతూ దానితో మాట్లాడేది. "లెగు తల్లీ, లెగు. తెల్లారితే అందరికీ నువ్వే కావాల." నేను నవ్వితే, "నవ్వకే, చెయ్యి ఏడి తగలకపోతే అది పొంగదు," అనేది. గిన్నె నింపి ఇచ్చాక దాని అంచుని బొటనవేలితో ఒక్కసారి చుట్టూ తుడిచేది. ఆ వేలికి అంటిన పిండిని కూడా మన గిన్నెలోకే విదిలించేది. కొత్తగా వచ్చిన బెంగాలీ కోడళ్ళకి, "ఏక్టు నూన్ దేబేన్ దీదీ," అని ప్రతిసారీ గుర్తుచేసేది, ఉప్పు మీరే వేసుకోవాలి సుమా అని. తాను మాత్రం ఇడ్లీ ముట్టేది కాదు. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని, గడప మీద కూర్చుని తినేది.

ఆవిడ సాయంత్రం రుబ్బి తెల్లవారుతూనే అమ్మేది. ఆ కాస్త వేళలో పిండి పొంగాలంటే ఊరికే పొంగదు. అందుకని ప్రతి రోజూ ఒక పిడికెడు పిండిని చిన్న సత్తుగిన్నెలో దాచి, మర్నాడు రుబ్బిన దాంట్లో కలిపేది. దాన్ని 'నిన్నటి పిండి' అనేది. మా ఇడ్లీల మెత్తదనమంతా ఆ గిన్నెలోదే. అయితే ఆవిడ పిండి తినే ఇంట్లో ఎవరైనా పోతే, ఆ సాయంత్రం ఆ సత్తుగిన్నె తీసుకెళ్ళి కాలవ గట్టున బోర్లించేసేది. గ్రైండరు రాయిని చింతపండుతో తోమి, మరిగే నీళ్ళతో కడిగి, ఏమీ కలపకుండా కొత్తగా రుబ్బేది. ఇక రెండు మూడు పూటలు వీధంతా గట్టి ఇడ్లీలే. ఎందుకప్పా, మంచి పిండిని పారబొయ్యడం అని ఒకసారి అడిగాను.

"తిన్న నోరు ఒకటి ఎల్లిపోనాక ఇంకా నిన్నలాగే ఉంటాదేటే?" అంది. "కొత్తగా మొదలెట్టాల. కట్టంగానే ఉంటాది. ఉండాల."

ఆ అలవాటు ఆవిడది కాదు, ఆవిడకి పని నేర్పిన ముసలమ్మది. ఆ ముసలమ్మ గురించి చెప్పకపోతే అప్ప సంగతి అర్థం కాదు. గ్రైండర్లు రాకముందు ఆ ముసలమ్మ రుబ్బురోటి మీద రుబ్బి మా అత్తగారి తరానికి పిండి పోసేది. మొగుడు పోయాడు. పదో రోజున గాజులు తీశారు, బొట్టు చెరిపారు. పదకొండో రోజు తెల్లవారుతూనే ఆవిడ ఎప్పటిలాగే పిండి బాన గడపలో పెట్టుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. మగవాళ్ళు వర్క్‌షాపుకి పోయే వేళ. మిషన్ల మధ్య, నిప్పుల మధ్య పని. పొద్దున్నే ఆ మొహం చూసి వచ్చిన ఆడది వండిపెడితే తిని ఎలా వెళతారు? ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో ఇవాళ ఉప్మా అన్నారు. రేపు అటుకులన్నారు. చూస్తూ ఉండగానే ఆ గడప ఖాళీ అయిపోయింది.

అప్పుడు ఆ పక్క గదిలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మా అప్ప. ముసలమ్మ ఆవిడని పిలిచి, "నాను ఎనక రుబ్బతాను, నువ్వు ముందు కూకుని అమ్ము," అందట. అంతే. పిండి అదే, చెయ్యి అదే, రోలు అదే. గడపలో బొట్టున్న మొహం కనిపించేసరికి గిన్నెలన్నీ తిరిగొచ్చాయి. పిండికి అంటని అపశకునం మొహానికి మాత్రం ఎలా అంటుతుందో నాకు ఇప్పటికీ బోధపడదు. ముసలమ్మ బతికున్నన్నాళ్ళూ చీకట్లో వెనక్కూర్చుని రుబ్బింది. వీధిలోకి తొంగి చూడలేదు.

ఇదంతా కళ్ళారా చూసిన మనిషి అప్ప. తలుపు పక్కన మేకుకి ఒక పగిలిన అద్దం ముక్క వేలాడేది. తెల్లవారి తలుపు గడియ తీసే ముందు అందులో చూసుకుని, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు దిద్దుకునేది. ఒంట్లో బాగోలేకపోయినా, జ్వరంతో వణుకుతున్నా బొట్టు దిద్దాకే గడియ తీసేది.

మొగుడు స్టేషన్‌లో పార్సిళ్ళు మోసే కాంట్రాక్టు మనిషి. మెతక మనిషి. ఆవిడ రుబ్బుతుంటే పక్కన కూర్చుని పప్పు కడిగి ఇచ్చేవాడు. ఒకనాడు ఊరెళ్ళొస్తానని రైలెక్కాడు, మరి రాలేదు. పలాసలో చూశామన్నారు కొందరు. భువనేశ్వర్ ప్లాట్‌ఫారం మీద కనిపించాడన్నారు ఇంకొకరు. ఊళ్ళో ఆరా తీస్తే అసలు అక్కడికి చేరనే లేదన్నారు. ఏళ్ళు గడిచాయి. అప్ప బొట్టు చెక్కుచెదరలేదు. "వొస్తాడు," అనేది అడిగినవాళ్ళకి. మొదట్లో జాలిపడ్డ ఆడవాళ్ళే తర్వాత గొణగడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకి ఆవిడ పిండి మానేశారు. ఉన్నాడో లేడో తెలియని మొగుడిది, శుభకార్యానికి ఎందుకులే అని. రోజువారీ ఇడ్లీకి మాత్రం పనికొచ్చేది. ఆ మాత్రం ఆ బొట్టు చలవే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రైలు పోలీసు ఒకడు ఆవిడ గది వెతుక్కుంటూ వచ్చాడు. లైను పక్కన ఒక మనిషి దొరికాడట, పోయి ఉన్నాడు. ఎప్పుడో తప్పిపోయాడని రాయించారు కదా, వచ్చి చూడమన్నాడు. అప్ప గోడ మీంచి నన్ను పిలిచింది. "తోడు రావే," అంది. టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కి ఆస్పత్రికి వెళ్ళాం. దారి పొడవునా ఆవిడ బొటనవేలు, చేతిలో లేని గిన్నె అంచుని తుడుస్తూనే ఉంది.

నన్ను గుమ్మం దగ్గరే ఉండమంది. లోపలికి వెళ్ళి, దుప్పటి పక్కన నిలబడింది. మొహం చూసిందో లేదో నాకు కనిపించలేదు. కాళ్ళ దగ్గర మాత్రం చాలాసేపు ఉంది. తిరిగొచ్చి, "ఆయన కాదు," అంది నాతో. పోలీసుతో హిందీలో చెప్పింది.

"ఠీక్ సే దేఖా, మాసీ?" అన్నాడు వాడు, సరిగ్గా చూశావా అని.

"దేఖా. నహీ హై."

గొంతు వణకలేదు. కాదంటే కాదని నేను గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నాను. వచ్చేటప్పుడు కాలవ ఇవతలే టోటో దిగి, వీధి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. మొహం కడుక్కుంది, బొట్టుకి తడి తగలకుండా. గదికెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి గ్రైండరు చప్పుడు వినిపించింది. హమ్మయ్య, పనిలో పడింది అనుకున్నాను.

మర్నాడు ఎప్పటిలాగే పిండి తెచ్చి ఇడ్లీ పెట్టాను. మా ఆయన తుంచారు, నలిపారు. నా మొహంలోకి చూసి, "ఎవులు పోయినారే?" అన్నారు.

మా వీధిలో ఎవరూ పోలేదు. ఆవిడ పిండి తినే ఏ ఇంట్లోనూ పోలేదు. పోతే నాకు తెలియకుండా ఉండదు. అప్పుడు అర్థమైంది. ఆ పిండి తిన్న నోరే, ఆ పప్పు కడిగిచ్చిన చేతులే, నిన్న ఆస్పత్రిలో దుప్పటి కింద ఉన్నాయి. ఆవిడ కాదని చెప్పి వచ్చిన మనిషిని ఎవరూ లేనివాళ్ళతో కలిపి ఎక్కడో కాల్చేసి ఉంటారు.

"ఎవులూ నేరు, తినండి," అన్నాను.

ఆయన డ్యూటీకి పోయాక గోడ దగ్గరికి వెళ్ళాను. అప్ప బయట బకెట్లు బోర్లిస్తోంది. కాలవ గట్టున తెల్లటి మరక ఎండకి పెచ్చులుగా లేస్తోంది. నేను దానికేసి చూడడం ఆవిడ చూసింది.

"అప్పా, పిండి పొంగనేదు," అన్నాను.

"సలికి పులవనేదే," అంది.

రోహిణి ఎండ నెత్తిన మండుతోంది. ఆవిడ మొహం మీద బొట్టు ఎప్పటికన్నా పెద్దదిగా ఉంది, దాని కింద కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో మొగుడు పోతే గోల పెట్టి ఏడవడానికి కూడా వీల్లేని ఆడదాన్ని నేను ఆవేళే చూశాను. వాటేసుకుందామంటే మధ్యలో గోడ. గోడ లేకపోయినా వాటేసుకునేదాన్ని కాదేమో, చుట్టుపక్కల కళ్ళు ఊరుకుంటాయా! "అవును, సలే," అని ఇంట్లోకి వచ్చేశాను. ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్ళకి మా ఆయన పోయారు. రిటైరై పింఛను కాగితాలు కూడా సర్దుకోలేదు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆ మర్నాడు వీధంతా గట్టి ఇడ్లీలే తిన్నారని నాకు తర్వాత ఎవరో చెప్పారు. పదో రోజు నాకు జరగాల్సినవన్నీ జరిగాయి. జరిపించినవాళ్ళంతా నన్ను ప్రేమించే మనుషులే, అదే విచిత్రం. ఆ తర్వాత నేను పొద్దున్నే బయటికి రావడం మానేశాను. ఎవరూ రావద్దనలేదు. ముసలమ్మకీ ఎవరూ ఏమీ అనలేదుగా.

ఒకరోజు తెల్లవారుతూనే గోడ అవతల నుంచి కేక. "ఓలే, గిన్నె తెత్తావా నేదా?" గట్టిగా, వీధంతా వినపడేలా. వెళ్ళక తప్పలేదు. గది ముందు అప్పటికే ఐదారుగురు గిన్నెలు పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి ఒకామె కొంగు సర్దుకుంటూ పక్కకి తిరిగింది. ఇంకొకామె ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది. అప్ప అందర్నీ దాటి చెయ్యి చాపి నా గిన్నె అందుకుంది.

"మొదటి బోణీ నీదే," అంది.

"అలగేటి అప్పా, ముందు ఆలకి ఇయ్యి," అన్నాను.

"నీ మొకం చూసినాకే నా పిండి పొంగుద్ది. ఇష్టం నేనోలు కొట్టుకి పోవచ్చు," అంది వాళ్ళ వైపు చూడకుండానే. గిన్నె నింపి, బొటనవేలితో అంచు తుడిచింది, చాలా నిదానంగా. ఆ నాలుగు క్షణాలూ వాళ్ళందరూ నా బోడి నుదురు చూస్తూ నిలబడాల్సి వచ్చింది. ఒకామె నిజంగానే వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు వెళ్ళలేదు, మర్నాడు తగ్గారు. అప్పటికే కొట్లలో ప్యాకెట్లు వచ్చేశాయి, వాళ్ళకి సాకు దొరికింది. "బేరం పోద్దప్పా," అంటే, "పోనీయే. ముసలమ్మని ఎనక కూకోబెట్టినాను. నిన్ను కూకోబెట్టను," అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ గొంతు వణికింది.

ఆ రోజు నుంచి ఆవిడ పోయేదాకా మొదటి గిన్నె నాదే.

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం పప్పు నానబోసి, మంచం మీద నడుం వాల్చింది. మరి లేవలేదు. టెక్కలి వైపు నుంచి అన్న కొడుకొకడు బయలుదేరాడు. అతను వచ్చేలోగా స్నానం చేయించి సిద్ధం చెయ్యాలని మా వీధి ఆడవాళ్ళు చేరారు. నీళ్ళు పోశారు, కొత్త చీర చుట్టారు. పసుపు గిన్నె, కుంకుమ భరిణె పక్కనే ఉన్నాయి. అక్కడే అందరి చేతులూ ఆగిపోయాయి.

"బొట్టెట్టాలా, వొద్దా?" అంది మా వీధి పెద్దావిడ, పెళ్ళిళ్ళకీ చావులకీ అన్నీ తెలిసిన మనిషి. "మొగుడు ఉన్నాడో నేదో ఎవులికి తెలుసు? లేనోడికి పెడితే పాపం. ఉన్నోడికి పెట్టకపోతే అదీ పాపమే."

"ఇన్నాళ్ళు రానోడు ఉంటాడేటి?" అంది వెనకనుంచి ఎవరో.

"తుడిసేసి పంపుదారి. గొడవ నేదు."

నేను మూలన నిలబడ్డాను. నా చెయ్యి ఆ భరిణెని ముట్టకూడదు, నాకు తెలుసు. నోటికి మాత్రం ఎవరూ అడ్డు పెట్టలేదు. నీళ్ళు పోయడంతో ఆవిడ నుదుట కుంకుమ కరిగి, ముక్కు పక్కనుంచి పల్చగా కారి ఉంది. పొద్దున్న అద్దం ముక్కలో చూసుకుని దిద్దుకున్నదే అది. ఎన్నేళ్ళ కష్టం! ఒక తడిగుడ్డ పట్టుకుని తుడిచేస్తారట, గొడవ లేకుండా.

"ఉన్నాడు," అన్నాను.

అందరూ తిరిగి చూశారు.

"ఆస్పత్రికి తోడెల్లింది నాను. నా కళ్ళతో నాను సూసినాను. ఆడు కాదు. మొగుడు ఉన్నాడు, పెట్టండి."

నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళనే లేదు ఆ రోజు. అయినా నా గొంతు కూడా వణకలేదు.

పెద్దావిడ ఒక్క క్షణం నన్ను చూసి, కుంకుమ తీసి పెట్టింది, రూపాయి బిళ్ళంత. చేతులకి గాజులు వేశారు, కాళ్ళకి పసుపు రాశారు. ఆ తర్వాత జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుణ్యస్త్రీగా వెళ్ళిపోయింది, ఎంత అదృష్టం అంటూ ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆవిడ నుదుటి కుంకుమ వేలితో తీసుకుని తమ మంగళసూత్రాలకి అద్దుకున్నారు. తమ ఇళ్ళ పెళ్ళిళ్ళకి ఆవిడ పిండి వద్దన్నవాళ్ళే. ఆవేళ నన్ను చూసి గిన్నెతో వెనక్కి పోయినామె కూడా వచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టుకుంది. "పాపం, మొగుడికి కబురెలాగ అందుద్దో," అని కళ్ళొత్తుకుంది.

అన్న కొడుకు వచ్చాడు, తీసుకెళ్ళారు. నలుగురూ సర్దుకున్నాక గది వాకిలి కడుగుతూ, మంచం కింది బకెట్లు పారబోయబోతే నేను వద్దన్నాను. చచ్చిన మనిషి నానబోసిన పప్పు ఇంట్లోకి తెస్తావా అన్నారు. తెచ్చాను. అలమరలో ఆ సత్తుగిన్నె మూతపెట్టి ఉంది. లోపల నిన్నటి పిండి పొంగి, మూతని కాస్త పైకి లేపింది. దానికేం తెలుసు.

గిన్నె పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళాను. ఆవిడ ఎక్కడ బోర్లించేదో అక్కడే బోర్లించాను. ఇంటికొచ్చి, నా చిన్న గ్రైండరు రాయిని చింతపండుతో తోమి, మరిగే నీళ్ళతో కడిగి, ఏమీ కలపకుండా రుబ్బాను. మణికట్టు దాకా చెయ్యి పెట్టి కలిపాను. "లెగు తల్లీ" అనడానికి మాత్రం నోరు రాలేదు.

మర్నాడు వీధిలో అందరి ఇడ్లీలూ మెత్తగానే వచ్చి ఉంటాయి, అందరివీ ప్యాకెట్లే. మా ఇంట్లోవి రాళ్ళలా వచ్చాయి. వాళ్ళ నాన్న కూర్చున్న చోటే కూర్చుని మా అబ్బాయి, ఫోన్ చూసుకుంటూ ఒకటి తుంచాడు.

"ఏటమ్మా, ఇంత గట్టిగున్నాయి?" అన్నాడు.

నేను ఎదురుగా నిలబడి ఎదురుచూశాను. వాడు చట్నీ ఇంకాస్త వేయించుకుని, తినేసి, చెయ్యి కడుక్కుని డ్యూటీకి పోయాడు. ఎవరు పోయారని అడగలేదు.